చికాగోలో ముందు నేల చూడండి

(ఒక పట్టణ గ్రంథాలయంలో జరిగిన సభలో సివిల్ ఇంజినీరింగ్ విశ్రాంత అధ్యాపకుడొకరు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. పిల్లలు అమెరికాలో ఉన్నవారు చేతులెత్తండి అని అడుగుదామనుకున్నాను. ఈ హాలు చూశాక, లేనివారిని ఎత్తమంటేనే లెక్క త్వరగా తేలుతుందనిపిస్తోంది. (నవ్వులు)

ప్రపంచంలోని గొప్ప నగరాలు, వాటి కట్టడాల గురించి చెప్పమన్నారు నిర్వాహకులు. గంటలో ప్రపంచమంతా తిప్పి తీసుకురావడం టూరు కంపెనీల విద్య. నాకది రాదు. అందుకని ఒక్క ఊరే తీసుకుంటాను. చికాగో. మీలో చాలామంది వెళ్ళినది, వెళ్ళబోయేది కాబట్టి. చికాగో శివారులో నేపర్‌విల్‌లోనో, అరోరాలోనో అమ్మాయి ఇల్లు. అక్కడ నాలుగైదు నెలలు ఉంటారు. ఒక శనివారం అల్లుడుగారు కారులో నగరంలోకి తీసుకెళ్తారు. పార్కింగు దొరికేసరికి మధ్యాహ్నం దాటుతుంది. గింజ ఆకారంలో మెరిసే ఆ పెద్ద ఉక్కు శిల్పం ముందు ఒక ఫోటో, ఎత్తైన టవరు మీద గాజు పెట్టెలో నిలబడి ఇంకో ఫోటో, చీకటిపడకముందే ఇల్లు. ‘చికాగో చూశాం’ అంటారు. చూశారు, కాదనను. కానీ ఆ ఊరు చూపించాల్సినది చూపించకముందే మీరు వచ్చేశారు.

చికాగోలో అందరూ తల పైకెత్తి నడుస్తారు. మెడ నొప్పి వచ్చేదాకా చూస్తారు. నేను మా విద్యార్థులకు చెప్పిన మాటే మీకూ చెబుతాను. అక్కడ ముందు కాళ్ళ కింద ఏముందో తెలుసుకోండి, ఆ తర్వాత పైకి చూడండి. ఆ ఊరి ఎత్తంతా బురదతో పడిన తగాదాలోంచి వచ్చింది. ఆ తగాదా తెలియకపోతే అవి వట్టి ఎత్తైన భవనాలు. అలాంటివి ఈనాడు ఏ దేశంలో లేవు?

నగరం మిషిగన్ సరస్సు ఒడ్డున ఉంది. సరస్సంటే మన చెరువు లెక్కన ఊహించుకోవద్దు, అవతలి గట్టు కనిపించదు. ఊరు కట్టిన నేల ఆ నీటిమట్టానికి కొద్ది అడుగుల ఎత్తు మాత్రమే. చిత్తడి నేల, కింద మెత్తని బంకమట్టి. గట్టి రాయి తగలాలంటే నడిబొడ్డున సుమారు వంద అడుగులు దిగాలి. బుద్ధి ఉన్నవాడు ఎవడూ అక్కడ రెండంతస్తుల ఇల్లు కట్టుకోడు. కానీ సరస్సు పడవలు, 1848లో పూర్తయిన కాలువ, దాని వెంటే వచ్చిన రైలు మార్గాలు, అన్నీ ఆ చోటనే కలిశాయి. పశ్చిమాన పండిన గోధుమలు, అడవుల్లో కొట్టిన కలప, పశువులు, పందులు అన్నీ అక్కడికే రావాలి. వ్యాపారం నేలను చూసి స్థలం ఎంచుకోదు కదా. 1840లో నాలుగున్నర వేలమంది ఉన్న ఊరు 1890 నాటికి పది లక్షలు దాటింది. యాభై ఏళ్ళలో.

ఇంతమంది చేరితే మురుగు ఎటు పోవాలి? ఎటూ పోలేదు. 1854లో కలరా వచ్చింది, ఊళ్ళో వందకు ఆరుగురు చొప్పున పోయారు. మరుసటి ఏడు ఎల్లిస్ చెస్‌బ్రో అనే ఇంజినీరును పిలిచి మురుగు కాలువల పని అప్పజెప్పారు. ఆయనకు వచ్చిన చిక్కేమిటంటే, కాలువకు వాలు కావాలి. నేలే నీటిమట్టానికి అంత దగ్గరగా ఉంటే వాలు ఎక్కడి నుంచి తెస్తాడు? నేలలో తవ్వి గొట్టం వేయలేనప్పుడు నేల మీదే వేద్దామన్నాడు. వీధుల మీదే గొట్టాలు పరిచి, వాటి మీద మట్టి కప్పి, ఆ పైన కొత్త రోడ్డు వేశారు. చోటును బట్టి నాలుగడుగులు, ఎనిమిదడుగులు, ఇంకా ఎక్కువ.

రోడ్డు లేచింది, ఇళ్ళు లేవలేదు. వీధి గుమ్మం గోతిలో పడింది. ఇది మనకు కొత్త బాధ కాదు. మునిసిపాలిటీవారు రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోతే, వానాకాలం నీళ్ళు హాల్లోకి వస్తే, ఈ మధ్య మన పట్టణాల్లో కూడా ఇళ్ళను జాకీలతో లేపించుకుంటున్నారు. చికాగోవారు 160 ఏళ్ళ క్రితం ఊరినే లేపారు. 1860లో లేక్ స్ట్రీట్‌లో 320 అడుగుల పొడవున ఉన్న దుకాణాల వరుస, నాలుగైదు అంతస్తుల ఇటుక కట్టడాలు, మొత్తం బరువు 35,000 టన్నులని అంచనా. కింద 6,000 మర జాకీలు పెట్టారు. 600 మంది మనుషులు. గుర్తు ఇవ్వగానే అందరూ ఒకేసారి తిప్పాలి, ఒకే మేర తిప్పాలి. ఒకడు తొందరపడితే గోడ పగులుతుంది. ఐదు రోజుల్లో నాలుగడుగుల ఎనిమిది అంగుళాలు లేపారు. ఆ ఐదు రోజులూ పైన దుకాణాలు మూయలేదు, బేరాలు మామూలుగా సాగాయి. మరుసటి ఏడు ట్రెమాంట్ హౌస్ అనే ఆరంతస్తుల హోటలును లోపల బస చేసినవారు ఉండగానే లేపారు. ఆ పని చేసిన కాంట్రాక్టర్లలో జార్జి పుల్‌మన్ ఒకరు. తర్వాత రైళ్ళలో పడక పెట్టెలు కట్టి పేరు, డబ్బు, సమ్మెలు అన్నీ సంపాదించుకున్నాడే, ఆయనే.

మీరు నడిచే ఆ నడిబొడ్డు వీధులు ఆ నాటి నేల కావు, దాని మీద వేసిన మూత. నది పక్కన వాకర్ డ్రైవ్ అనే రోడ్డు ఉంది, 1926లో రెండంతస్తుల రోడ్డుగా వేశారు. పైన ఒక వీధి, కింద ఒక వీధి. మొదటిసారి వెళ్ళినవారికి ఫోనులోని దారి చూపే బొమ్మ అక్కడ పిచ్చెక్కినట్టు తిరుగుతుంది. పైన ఉన్నారో కింద ఉన్నారో దానికి తెలియదు.

మురుగు గొట్టాలు వేశారు సరే, అవన్నీ నదిలో పడ్డాయి, నది సరస్సులో కలిసింది, తాగే నీళ్ళు ఆ సరస్సులోవే. ఇంకో నలభై ఏళ్ళు ఆలోచించి ఏం చేశారో చూడండి. 28 మైళ్ళ కాలువ తవ్వి, 1900 జనవరిలో నదిని వెనక్కి తిప్పారు. సరస్సులోకి పారే నది సరస్సు నుంచి బయటికి పారడం మొదలుపెట్టింది. వీరి మురుగు మిసిసిపీ వైపు వస్తుందని కింద ఉన్న మిస్సోరీ రాష్ట్రం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఓడిపోయింది. నదీ జలాల తగాదాలు మనకొక్కరికే ఉన్నాయనుకోకండి. వాళ్ళు నీళ్ళు రావద్దని కోర్టుకెక్కారు, అంతే తేడా. (నవ్వులు)

ఇక 1871 అక్టోబరు అగ్నిప్రమాదం. అందరూ చెప్పేదే కనుక త్వరగా దాటుతాను. సుమారు 300 మంది పోయారు, లక్షమంది నిరాశ్రయులయ్యారు, 17,000కు పైగా కట్టడాలు కాలాయి. ఒక ఆవు లాంతరును తన్నిందని కథ. ఆ ఆవును, దాని యజమానురాలిని 1997లో నగర పాలక మండలి నిర్దోషులని తీర్మానించింది. 126 ఏళ్ళు పట్టింది, ఆవుకు న్యాయం దొరకడానికి. ఆ మంటల్లో మిగిలిన వాటిలో మిషిగన్ అవెన్యూ మీది పాత నీళ్ళ టవరు ఒకటి, 1869 నాటిది, పసుపు సున్నపురాయి. పక్కనున్న వంద అంతస్తుల భవనం ముందు ఆటబొమ్మలా ఉంటుంది, కానీ ఆగి చూడండి. కాలిన ఊరి శిథిలాలను తీసుకెళ్ళి సరస్సులో పోశారు. ఈనాటి గ్రాంట్ పార్కులో కొంత భాగం ఆ బూడిద మీద ఉంది.

నేను అసలు చెప్పాలనుకున్నది ఇక్కడ మొదలవుతుంది. మంటల తర్వాత నడిబొడ్డున నేల ధర పెరిగిపోయింది. లిఫ్టు వచ్చింది కాబట్టి పై అంతస్తులకు కూడా అద్దె వస్తుంది. ఎంత ఎత్తు కడితే అంత లాభం. 1885లో విలియం లె బారన్ జెన్నీ పది అంతస్తుల హోమ్ ఇన్సూరెన్స్ భవనం కట్టారు. బరువులో చాలా భాగాన్ని గోడల మీద కాకుండా లోపలి ఇనుప చట్రం మీద వేశారు. ప్రపంచంలో మొదటి ఆకాశహర్మ్యం అదేనా కాదా అని పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు. కొట్టుకోనివ్వండి. 1931లో దాన్ని కూల్చేశారు, మీకు చూడ్డానికి లేదు.

పైన ఎలా నిలబెట్టాలో తెలిసింది. కింద ఎలా ఆపాలి? బంకమట్టి బరువు పడితే కుంగుతుంది. అన్ని వైపులా ఒకేలా కుంగితే భయం లేదు, ఒక మూల ఎక్కువ కుంగితే గోడ చీలుతుంది. మొదట రాళ్ళను మెట్లు మెట్లుగా వెడల్పు చేస్తూ పునాది వేసేవారు. ఎత్తు పెరిగేకొద్దీ ఆ రాళ్ళ గుట్టలు నేలమాళిగనంతా ఆక్రమించాయి. బాయిలర్లు పెట్టడానికి చోటు లేదు. అప్పుడు 1882లో మాంటాక్ భవనానికి జాన్ రూట్ అనే వాస్తుశిల్పి రైలు పట్టాలు తెచ్చి అడ్డంగా, నిలువుగా పేర్చి, కాంక్రీటు పోశారు. పెద్ద రాళ్ళ గుట్ట చేసే పని చాలా తక్కువ మందంలో అయిపోయింది. రైళ్ళ వల్ల పుట్టిన ఊరికి రైలు పట్టాలే పునాది అయ్యాయి. భవనం ఆ పట్టాల తెప్ప మీద బంకమట్టిలో తేలుతున్నట్టే లెక్క. ఎంత కుంగుతుందో ముందే లెక్కగట్టి, అంత ఎత్తు పెంచి కట్టేవారు. ఇప్పుడు ఏ యజమానితోనైనా ‘సార్, మీ బిల్డింగు ఎనిమిది అంగుళాలు దిగుతుంది, కంగారు పడకండి’ అని చెప్పి చూడండి.

ఆ తెప్పల మీద నిలబడినవి నేటికీ ఉన్నాయి. ఒకటి మొనాడ్నాక్. చికాగోలో ఒకే ఒక్క భవనం చూసే వీలుంటే నన్నడిగితే అదే చూడమంటాను. ఏ ఫోటోలోనూ అందంగా రాదు. ముదురు గోధుమ రంగు ఇటుక గోడ, 16 అంతస్తులు, నగిషీ ఒక్కటీ లేదు. డబ్బు పెట్టిన బోస్టను అన్నదమ్ములు నగిషీ వద్దన్నారు. పక్షులు గూళ్ళు పెడతాయి, దుమ్ము పడుతుంది, దండగ అని వారి వాదం. పిసినారితనం వల్ల ఇంత మంచి భవనం వచ్చిన సందర్భం నాకు ఇంకొకటి తెలియదు. ఉత్తరపు సగం 1891లో పూర్తయింది. అందులో బయటి గోడలే బరువు మోస్తాయి, అందుకని కింద గోడ మందం ఆరడుగులు. కిటికీ దగ్గర నిలబడి చెయ్యి చాపితే గోడ లోతు తెలుస్తుంది. దాన్ని ఆనుకొని దక్షిణపు సగం 1893లో, వేరే వాస్తుశిల్పులతో, ఉక్కు చట్రం మీద కట్టారు. రెండేళ్ళ తేడా. ఒకే భవనంలో ఇటు పాత యుగం చివరిమాట, అటు కొత్త యుగం మొదటిమాట. నడవాలో ఉత్తరం నుంచి దక్షిణానికి నడిచి వెళ్ళండి, మీకే తెలుస్తుంది. ఉత్తరపు సగం గీసిన జాన్ రూట్ అది పూర్తికాకముందే 41వ ఏట న్యుమోనియాతో పోయారు.

ఆ ఆరడుగుల గోడల బరువు ఊరికే పోతుందా? ఎనిమిది అంగుళాలు కుంగుతుందని లెక్కగట్టారు. 1905కే అది దాటింది. 20వ శతాబ్దం మధ్యకు 20 అంగుళాలు దిగింది. వీధిలోంచి లోపలికి వెళ్ళేటప్పుడు ఒక మెట్టు కిందికి దిగుతారు చూడండి, ఆ మెట్టును ఎవరూ గీయలేదు. బంకమట్టి గీసింది.

ఇంకొకటి ఆడిటోరియం భవనం, 1889. సంగీతశాల, హోటలు, ఆఫీసులు అన్నీ ఒకే కప్పు కింద. ఏడ్లర్, సల్లివన్ అనే ఇద్దరు కట్టారు. ఏడ్లర్ ఇంజినీరు. దాని టవరు 17 అంతస్తులు, మిగతాది పది. టవరు ఎక్కువ బరువు కాబట్టి ఎక్కువ కుంగుతుంది, గోడ చీలుతుంది. అందుకని ఆయన టవరు పూర్తయ్యేలోపే దాని మీద ఇటుకలు, ఇనుప దిమ్మెలు ఎక్కించి, ముందే కుంగనిచ్చి, కట్టే కొద్దీ వాటిని తీసుకుంటూ వచ్చారు. ఈ ఉపాయం తరగతిలో చెప్పినప్పుడల్లా వెనక బెంచీలు కూడా లేచి కూర్చునేవి. కానీ మధ్యలో బయటి గోడలకు తేలిక సరుకు బదులు బరువైన రాయి వాడాలని నిర్ణయం మారింది. పునాది అప్పటికే వేసేశారు. బయటి గోడలు రెండడుగులకు పైగా దిగాయి, లోపలివి అంత దిగలేదు. లాబీలో నేల వాలుగా ఉండటం ఇవాళ్టికీ కంటికి తెలుస్తుంది. డిజైను ఖాయమయ్యాక యజమాని మనసు మార్చుకుంటే ఏమవుతుందో చెప్పడానికి నాకు అంతకన్న మంచి ఉదాహరణ దొరకలేదు. ఇల్లు కట్టిస్తున్నవారు ఎవరైనా ఉంటే గమనించగలరు.

తెప్పలతో ఎంతకాలం నెట్టుకొస్తారు? 1894లో స్టాక్ ఎక్స్ఛేంజ్ భవనం కట్టేటప్పుడు పక్కనే ఒక పత్రికవారి అచ్చు యంత్రాలు ఉన్నాయి. ఈ భవనం కుంగితే వారి నేల కూడా కుంగుతుంది, యంత్రాలు పాడవుతాయి. అందుకని ఆ పక్కన మాత్రం కొత్త పద్ధతి వాడారు. మన ఊళ్ళలో ఒరల బావి తవ్వడం చూశారు కదా, అచ్చం అదే. మనిషి దిగి మట్టి తవ్వుతాడు, గోడ కూలకుండా చుట్టూ చెక్కలు నిలబెట్టి ఇనుప వలయాలతో బిగిస్తారు, మళ్ళీ కిందికి తవ్వుతాడు. మనం నీళ్ళు తగిలేదాకా వెళ్తాం, వారు గట్టి నేల తగిలేదాకా వెళ్ళారు. ఆపైన ఆ బావినంతా కాంక్రీటుతో నింపేశారు. దాన్ని చికాగో కైసన్ అంటారు. చికాగో పెద్ద భవనాలు చాలావరకు ఇలాంటి పూడ్చిన బావుల మీద నిలబడినవే. మట్టి తవ్వి పోసిన ఆ మనుషుల పేర్లు ఏ ఫలకం మీదా ఉండవు.

ఆ స్టాక్ ఎక్స్ఛేంజ్ భవనాన్ని 1972లో కూల్చేశారు. రిచర్డ్ నికెల్ అనే ఫోటోగ్రాఫరు కూల్చేస్తున్న పాత భవనాల్లోకి వెళ్ళి, ఫోటోలు తీసి, నగిషీ ముక్కలను కాపాడి తెచ్చేవాడు. ఏప్రిల్‌లో ఒకరోజు ఆ శిథిలాల్లోకి వెళ్ళాడు. నేల కూలి మీద పడింది. కొన్ని వారాల తర్వాత శరీరం దొరికింది. ఆ భవనపు ద్వారం, రాతి కమాను, ఇప్పుడు ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ అనే మ్యూజియం వెనక ఆరుబయట నిలబెట్టి ఉంది. వ్యాపారం చేసే హాలును మ్యూజియం లోపల మళ్ళీ అమర్చారు, గోడల మీద రంగుల అచ్చులతో సహా. చాలామంది ఆ కమానును దాటుకుంటూ పోతారు. మీరు ఆగండి.

(సభలోంచి ఒకరు: స్వామి వివేకానంద మాట్లాడింది అక్కడే కదండీ?)

అక్కడే. 1893 సెప్టెంబరు 11. ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ భవనం అప్పుడే కొత్తగా కట్టారు, సర్వమత సభలు అందులో జరిగాయి. కానీ ఆయన నిలబడి మాట్లాడిన హాలు తాత్కాలికంగా వేసినది, ఇప్పుడు లేదు. మనవారు వెళ్ళి గుమ్మం దగ్గర ఉన్న రెండు కంచు సింహాల పక్కన నిలబడి, ‘స్వామీజీ ఈ సింహాల మధ్యనుంచే లోపలికి నడిచారు’ అని వీడియో తీస్తుంటారు. ఆ సింహాలు 1894లో వచ్చాయి. ఆయనకు అవి తెలియవు. మెట్లకు మాత్రం దండం పెట్టుకోవచ్చు. బయటి రోడ్డులో కొంత భాగానికి గౌరవసూచకంగా ఆయన పేరు పెట్టారు, ఆ బోర్డు కూడా చూడండి.

పేర్ల బోర్డుల మాట వచ్చింది కాబట్టి, అందరూ ఎక్కే ఆ ఎత్తైన టవరు దగ్గర ఇంకో పేరుంది. ఫజ్లుర్ రెహమాన్ ఖాన్. ఢాకాలో 1929లో పుట్టారు. కలకత్తా దగ్గర శివపూర్ ఇంజినీరింగ్ కళాశాలలో చదువుతుండగా దేశ విభజన వచ్చింది, ఢాకా వెళ్ళి పూర్తిచేశారు. 1952లో స్కాలర్‌షిప్పు మీద, చికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రానికి వచ్చారు. మన పిల్లలు వెళ్తున్న దారిలోనే వెళ్ళారు, కాకపోతే ఆయనకు వాట్సాప్ లేదు. బ్రూస్ గ్రాహం అనే వాస్తుశిల్పితో కలిసి రెండు భవనాలు కట్టారు. 1969లో జాన్ హాంకాక్ సెంటర్, వంద అంతస్తులు, 344 మీటర్లు. 1970ల మొదట్లో సియర్స్ టవర్, 110 అంతస్తులు, 442 మీటర్లు. ఇప్పుడు విల్లిస్ టవర్ అంటున్నారు, అది 2009లో మార్చిన పేరు. ఊళ్ళోవారు ఇంకా సియర్స్ అనే అంటారు. 1998 దాకా ప్రపంచంలో అదే ఎత్తైనది.

ఆయన పట్టుకున్న కీలకం ఇది. ఎత్తు పెరిగేకొద్దీ భవనానికి శత్రువు బరువు కాదు, గాలి. లోపల ఎన్ని స్తంభాలు పెట్టినా గాలికి ఊగుతుంది, ఉక్కు ఖర్చు విపరీతంగా పెరుగుతుంది. బలమంతా బయటి గోడలోకి తెస్తే భవనం మొత్తం ఒక గొట్టంలా నిలబడుతుందని ఆయన లెక్కగట్టారు. హాంకాక్ మీద బయటికి కనిపించే ఆ పెద్ద పెద్ద ఇంటూ గుర్తులు అలంకారం కావు, పని చేస్తున్న ఉక్కు. న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనానికి చదరపు మీటరుకు 206 కిలోల ఉక్కు పట్టింది. దాదాపు అంతే ఎత్తున్న హాంకాక్‌కు 145 కిలోలే. ఆ తేడాయే ఆయన జీతం అనుకోండి. సియర్స్ టవరులో 75 అడుగుల చదరం గొట్టాలు తొమ్మిదింటిని కట్టగా కట్టారు. 50వ అంతస్తు దగ్గర రెండు ఆగిపోతాయి, 66 దగ్గర రెండు, 90 దగ్గర మూడు. చివరికి రెండే పైకి వెళ్తాయి. దూరం నుంచి చూస్తే మెట్లలా ఉండేది అందుకే. గాజు పెట్టెలో నిలబడి సెల్ఫీ తీసుకునేటప్పుడు ఇది తెలిసి ఉంటే ఫోటోలో ముఖం ఇంకొంచెం ధీమాగా వస్తుంది.

ఎంత ఊగితే మనిషికి తెలుస్తుంది? దానికి అప్పటికి లెక్క లేదు. ఒక మ్యూజియంలో బట్టలుతికే యంత్రాల ప్రదర్శనకు పెట్టిన తిరిగే వేదికను వాడుకొని, మనుషులను దాని మీద నిలబెట్టి, కూర్చోబెట్టి, పడుకోబెట్టి చూశారు ఖాన్. అంత పెద్ద భవనానికి అంత చవక ప్రయోగం.

ఇక్కడ మళ్ళీ నేల దగ్గరికి రావాలి. హాంకాక్ ఉక్కు 20 అంతస్తుల దాకా లేచాక, 1966లో, ఒక స్తంభం కింద బావి కుంగుతోందని గమనించారు. ఒక అంగుళం అంతే. పని ఆపేశారు. తవ్వి చూస్తే, కాంక్రీటు పోస్తూ ఉక్కు తొడుగును పైకి లాగినప్పుడు లోపల ఖాళీ ఏర్పడి, దాంట్లోకి మట్టి దిగింది. పైన ప్రపంచంలోనే తెలివైన లెక్క, కింద నూతిలో పిడికెడు నిర్లక్ష్యం. మిగతా బావులన్నీ పరీక్షించి, లోపమున్న వాటిని సరిచేసి, నెలల తర్వాత మొదలుపెట్టారు. ఆ దెబ్బకు భవనం తలపెట్టిన వ్యాపారి దివాలా తీశాడు. ఒక అంగుళం ఖరీదు అది.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం వచ్చినప్పుడు, సియర్స్ టవరు పని నడుస్తుండగానే, ఖాన్ చికాగోలో తోటి బెంగాలీలను కూడగట్టి శరణార్థులకు సహాయం పంపారు. 1982లో 52 ఏళ్ళకే జెడ్డాలో పోయారు. సియర్స్ టవరు పక్క వీధి మూల ఆయన పేరు బోర్డు ఉంటుంది. చిన్నది. వెతకాలి.

ఇప్పుడు కొన్ని గబగబా. ఏయాన్ సెంటర్ అని తెల్లటి టవరు కనిపిస్తుంది. 1973లో ఇటలీ నుంచి కరారా పాలరాయి తెప్పించి నిలువెల్లా అతికించారు. 43,000 పలకలు, పలచగా కోసి. చికాగో చలికి, ఎండకు ఆ పలకలు అప్పడాల్లా వంకర తిరిగాయి. 1990 నుంచి రెండేళ్ళు కూర్చుని మొత్తం పీకేసి గ్రానైట్ వేశారు. ప్రకాశం, కరీంనగర్ జిల్లాలవారిని ముందే అడిగి ఉంటే డబ్బు మిగిలేది. (నవ్వులు) ట్రిబ్యూన్ టవరు గోడల్లో ప్రపంచ కట్టడాల నుంచి తెచ్చిన రాతి ముక్కలు పొదిగారు, తాజ్‌మహల్ ముక్క కూడా ఉంది. నాకది నచ్చదు. రాయి ఎక్కడ పుట్టిందో అక్కడుంటేనే దానికి మర్యాద. మెరీనా సిటీ అని నది పక్కన జంట గుండ్రటి టవర్లు, మొక్కజొన్న కంకులంటారు అక్కడివారు. కింది 19 అంతస్తులు కార్ల పార్కింగు, అంచు దాకా వెనక్కి తిప్పి నిలుపుతారు. చూస్తే మనకు కాళ్ళు వణుకుతాయి. ఉక్కు గింజ సంగతి మీకు తెలిసిందే, బొంబాయిలో పుట్టిన అనీష్ కపూర్ చేసినది, 168 ఉక్కు పలకలు అతికి, అతుకు కనిపించకుండా అరగదీశారు. అతుకు వెతకడమే దాన్ని చూసే పద్ధతి. దాని కింద ఉన్నది కూడా నేల కాదు, పార్కింగు, రైలు పట్టాల మీద వేసిన కప్పు.

1992 ఏప్రిల్ 13న ఏమైందో చెప్పి ఈ నేల గొడవ ముగిస్తాను. నడిబొడ్డు కింద 40 అడుగుల లోతున పాత సొరంగాలున్నాయి, ఒకప్పుడు బొగ్గు, బూడిద మోయడానికి వాడినవి, సుమారు 60 మైళ్ళు. జనం మరచిపోయారు. నదిలో ఒక వంతెన దగ్గర కొత్త గుంజలు దించేటప్పుడు ఒక సొరంగం గోడ దెబ్బతింది. నెలల తరబడి బురద కారింది. చివరికి నది లోపలికి వచ్చేసింది. వీధుల్లో ఒక్క చుక్క నీరు లేదు, కింద నేలమాళిగలన్నీ మునిగాయి, కొన్నిచోట్ల నీళ్ళలో చేపలు కూడా కనిపించాయి. కరెంటు తీసేసి ఆఫీసులన్నీ ఖాళీ చేయించారు. కన్నం పూడ్చడానికి రాళ్ళు, పరుపులు కూడా దించి చూశారు. ప్రాణనష్టం లేదు, అదొక్కటే అదృష్టం.

(సభలోంచి: ఒక్క రోజే ఉంటే ఏం చూడాలండీ? మోకాళ్ళ నొప్పులున్నాయి.)

మోకాళ్ళకు తగ్గట్టే చెబుతాను. కారులో వద్దు. అరోరా, నేపర్‌విల్ నుంచి నగరానికి రైలుంది, యూనియన్ స్టేషన్లో దింపుతుంది. పనిదినం వెళ్ళండి, భవనాల లాబీలు తెరిచి ఉంటాయి. స్టేషన్ నుంచి నది దాటితే సియర్స్ టవరు. ఎక్కకండి, కింద నిలబడి గొట్టాలు లెక్కపెట్టండి. తూర్పుకు నడిస్తే రూకరీ భవనం, 1888, లోపల గాజు కప్పు కింద వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1905లో తిరగదిద్దిన లాబీ. అక్కడి నుంచి దక్షిణంగా చూస్తే ధాన్యం వ్యాపారం చేసిన బోర్డ్ ఆఫ్ ట్రేడ్, దాని శిఖరం మీద ధాన్యదేవత విగ్రహానికి ముఖం లేదు. అంత ఎత్తుకు వచ్చి ఎవరు చూస్తారని శిల్పి చెక్కలేదంటారు. రెండు వీధులు దాటితే మొనాడ్నాక్. లోపల కాఫీ దొరుకుతుంది, కూర్చోండి. తర్వాత మిషిగన్ అవెన్యూ, ఆడిటోరియం లాబీ, ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. సాయంత్రం నది మీద పడవ ఎక్కండి, గంటన్నర, భవనాల గురించి చెబుతూ తిప్పుతారు. డబ్బుకు విలువైనది అదే, మోకాళ్ళకూ మంచిది. చలికాలంలో పడవలు నడవవు. జనవరిలో వెళ్ళేవారు మనవరాలిని ఎత్తుకొని ఇంట్లోనే ఉండండి.

(ఇంకొకరు: మా అబ్బాయి దుబాయిలో ఉన్నాడు. బుర్జ్ ఖలీఫా ముందు ఇవన్నీ చిన్నవి కదా?)

ఎత్తు 828 మీటర్లు, కాదనడానికి లేదు. కానీ దాని డిజైను ఎక్కడ తయారైందనుకున్నారు? చికాగోలో, ఖాన్ పనిచేసిన సంస్థలోనే. దుబాయిలో వారికి బంకమట్టి కాదు, ఉప్పునీటి ఇసుక, మెత్తరాయి. ఆ లెక్కలు వేరే. అది ఇంకో సభ పెట్టించండి, చెబుతాను.